కాకి హంసయైన చోట: వాడిన నూనె మాట



కృష్ణవేణి సముద్రునితో కలియు మా హంసలదీవికి ఆ పేరెట్లు వచ్చెనో ఈ సీమలో బడికి పోని పిల్లలును చెప్పగలరు. లోకుల పాపములను కడిగి కడిగి గంగ నల్లబడెనట. ఆమె కాకిరూపము దాల్చి అనేక తీర్థములలో మునుగుచు రాగా, ఈ సాగరసంగమమున మునిగినంతనే ఆ కాకి తెల్లని హంసయయ్యెనట. మాఘపూర్ణిమనాడు జనులు వేలకొలదిగా ఇచ్చట స్నానమాడి వేణుగోపాలస్వామిని సేవించుచుందురు. మేమీ కథను నేడొక వంటయింటి మాట చెప్పుటకై తలచుచున్నాము. మన యిండ్లలోను నల్లబడిన కాకి యొకటి కలదు. అది పిండివంటలు ముగిసిన పిదప మూకుటి అడుగున మిగిలిన నూనె. దానిని హంసగా మార్చు తీర్థమేదో తెలిసికొనుట గృహిణులమైన మనకు ధర్మమని మా తలంపు.

మొదట మా తప్పిదమును చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మా యింట నొక పెండ్లి జరిగినది. మూడు దినములు గాడిపొయ్యి చల్లారలేదు. బూరెలు, గారెలు, అప్పడములు, వడియములు ఒకదానివెంట నొకటి వేగినవి. నాలుగవనాటి ఉదయమునకు రెండు డబ్బాల నిండ నల్లని నూనె మిగిలెను. దగ్గరకు పోయిన కమురు వాసన. దానితో ఇంట తాళింపైనను వేయుటకు మాకు మనసొప్పలేదు. అంతలో వంటపెద్ద వచ్చి, "అమ్మగారూ, పారబోస్తే పాపమండి. కొనుక్కునే మనిషి ఉన్నాడు, పిలవమంటారా?" అనెను. మా అత్తగారును "ఇచ్చెయ్యవే అమ్మాయీ, నూనె పారబొయ్యకూడదు, లక్ష్మి" అనిరి. ఒకడు వచ్చి, కొన్ని నోట్లు మా చేతబెట్టి, డబ్బాలు రెండును కట్టుకొని పోయెను. వ్యర్థమగు వస్తువునకు వెల వచ్చినదని మేము సంతోషించితిమి.

ఆ మాఘమాసముననే సంగమస్నానమునకు పోయితిమి. ఇసుకలో వరుసగా అంగళ్ళు వెలసియున్నవి. మా చిన్నది మిరపకాయ బజ్జీలు కావలెనని మారాము చేయగా ఒక బండికడకు పోయితిమి. అచ్చట డబ్బాలు దింపుచున్నవాడు మా యింటికి వచ్చిన మనుష్యుడే! నల్లని నూనె బాణలిలో పడుచుండెను. అది మా నూనెయే యని చెప్పలేము, కాదనియు చెప్పలేము. అట్టి డబ్బాలు వానివద్ద మరి నాలుగు కలవు. "ఏమమ్మా, కొనవేం?" అని బిడ్డ మా చెంగు లాగుచుండ మాకు మాట రాలేదు. బండివానిని నిందింపజాలము. కొత్తనూనె ధర వానికి అందునది కాదు. వాడును తన బిడ్డలకు నాలుగు మెతుకులు పెట్టుకొనవలసినవాడే. మన బిడ్డకు తగదనుకొన్న నూనెను ఊరిబిడ్డల నోట పడునట్లు అమ్మినవారము మేమే. ఈ ముల్లు నాటినుండి మా మనసున గ్రుచ్చుకొనియే యున్నది.

నూనె కాగిన కొలదియు దాని గుణము మారుచుండును. మిక్కుటమగు వేడికిని, గాలికిని, పిండివంటలలోని తడికిని నూనె విరిగి, అందు క్రొత్త పదార్థములు పుట్టును. వానిలో కొన్నింటికి శాస్త్రజ్ఞులు ధ్రువపదార్థములని పేరిడిరి. నూనె చిక్కబడుట, నురుగు కట్టి యణగకుండుట, పొయ్యిమీద పెట్టగనే నీలిబూడిదవన్నె పొగ లేచుట దీనికి గుర్తులు. అట్టి నూనెను దినదినమును తినువారికి రక్తపుపోటు, రక్తనాళములు గట్టిపడుట, కాలేయపు జబ్బులు కలుగవచ్చునని మన దేశపు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థవారు హెచ్చరించిరి. నూటికి 25 పాళ్ళకు మించి ఈ ధ్రువపదార్థములున్న నూనెను వంటకు వాడరాదను నియమము 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. దినమునకు 50 లీటర్లకు మించి నూనె వాడు వ్యాపారులు, వాడిన నూనెకు లెక్కవ్రాసి, అనుమతి గల సేకరణదారులకే యిచ్చివేయవలెనని 2019 మార్చి 1 నుండి కట్టడి చేసిరి. అయినను పెండ్లియింటి డబ్బాకు లెక్క వ్రాయువారెవరు? ఆ లెక్క మన మనసులోనే ఉండవలెను.

"మా అమ్మమ్మలు ఒక చుక్కయైన పారవేయక బ్రతికిరే, వారికి రాని రోగములు మనకేల?" అని కొందరు అడుగుదురు. ఇది ఆలోచింపదగిన ప్రశ్న. ఆ కాలమున నూనె గానుగనుండి గిద్దెలతోడను సోలలతోడను కొలిపించుకొని వచ్చెడివారు. మూకుడు పొయ్యిమీదికెక్కుట పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో. వేయించగా మిగిలినది కొంచెమే. అదియు మరునాటి కూరలలో చెల్లిపోయెడిది. వారి పొదుపంతయు నూనె తక్కువ పోయుటలో నుండెను గాని, పలుమారులు కాచుటలో లేదు. నేడు నూనె పొట్లములలోను డబ్బాలలోను వచ్చుచున్నది. సాయంకాలమైన ప్రతి వీథిమొగమునను పునుగుల బండి నిలుచును. మా పొరుగుననున్న బందరు లడ్డునకైనను సెనగపిండి పూసను ముందు వేయించి, దంచి, పిదపనే పాకమున కలుపవలెను. వేపుడు పెరిగినచోట మిగులు నూనెయు పెరిగినది. మనము మాత్రము అమ్మమ్మ మాటను పట్టుకొని ఆమె కొలతను విడిచితిమి.

ఇక పారబోయుదమన్న మరియొక చిక్కు. తూములో పోసిన నూనె చల్లబడి, మడ్డియై గోడలకు అంటుకొని, చెత్తను చేర్చుకొని గడ్డకట్టును. 2017లో లండను నగరపు వైట్‌చాపెల్ వీథిక్రింద మురుగుకాలువలో ఇట్టి కొవ్వుగడ్డ 130 టన్నుల బరువున, 250 మీటర్ల పొడవున కానవచ్చెను. దానిని పగులగొట్టి తీయుటకు పనివారు వారములకొలది పాటుపడిరి. మన పల్లెలలో తూములు లేవుగదా యందురేమో. మన మురుగు బోదెలలోనికిని, బోదెలనుండి డ్రెయిన్లలోనికిని, అచ్చటినుండి సముద్రపు మొగలలోనికిని పోవును. నీటిమీద పరచుకొన్న నూనెపొర గాలిని క్రిందికి పోనీయదు. చేపల చెరువులతోడను, మడ అడవులతోడను బ్రతుకు ఈ దివిసీమకు అది మంచిది కాదు.

తినరాదు, పారబోయరాదు, మరి యేమి చేయవలెను? దీనికి సమాధానమే బయోడీజిలు. డీజిలు యంత్రమునకును వంటనూనెకును చుట్టరికము నేటిది కాదు. 1900 సంవత్సరమున పారిసు నగరపు మహాప్రదర్శనములో ఒక చిన్న డీజిలు యంత్రమును వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. అది నూనెతో నడచుచున్నదని చూపరులలో గమనించినవారు బహు కొద్దిమందియట. పిమ్మట రాతినూనె చవుకగా దొరకుటచే యంత్రములు దానికే అలవాటుపడినవి. వంటనూనె డీజిలుకంటె ఎన్నో రెట్లు చిక్కన. దానినట్లే నేటి యంత్రములలో పోసినచో సన్నని గొట్టములు పూడుకొని యంత్రము చెడును. కావున ముందుగా ఆ చిక్కదనమును పోగొట్టవలెను.

అది యెట్లన, మనకు తెలిసిన పోలికతో చెప్పుదుము. ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు మా వారు మాకు తెలియజెప్పిన విధమిది. నూనెలోని ప్రతి అణువును మూడు పాయలు ఒక ముడివద్ద కూడిన జడవంటిది. ఆ ముడియే గ్లిసరిను. పాయలు కొవ్వు ఆమ్లములు. మూడును కలిసియుండుటచే నూనె బరువుగా, చిక్కగా ఉన్నది. దానికి మిథనాలను సారాయివంటి ద్రవమును, కాస్టిక్ సోడాను తగుపాళ్ళలో చేర్చి, సుమారు 60 డిగ్రీల వెచ్చదనమున కలియబెట్టుదురు. సోడా ముడిని వదలించును. విడివడిన ప్రతి పాయయు ఒక్కొక్క మిథనాలు అణువును పట్టుకొని తేలికయగును. గంట రెండుగంటలు కలిపి, పిదప కదల్పక నిలువనిచ్చినచో బరువైన గ్లిసరిను అడుగునకు దిగును; పైన తేనెరంగు నీరువలె పలుచని ద్రవము తేలును. ఆ తేరినదే బయోడీజిలు. దానిని గోరువెచ్చని నీట కడిగి, తడి లేకుండ ఆరబెట్టి, ప్రమాణమునకు సరిపోయినదో లేదో పరీక్షింతురు. 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మిథనాలు ఖర్చుపడి, ఇంచుమించు 100 కిలోల బయోడీజిలును, 10 కిలోల పైచిలుకు గ్లిసరినును వచ్చును. గ్లిసరినును శుద్ధిచేసి సబ్బులలోను, లేపనములలోను వాడుదురు. చూచితిరా, ఇందు వ్యర్థమగునది దాదాపు లేదు.

అయితే వాడిన నూనెకు కొన్ని దోషములు కలవు. పిండి, ఉప్పు, కారపు మడ్డి అందుండును. తడి యుండును. అన్నిటికంటె ముఖ్యముగా, కాగి కాగి ముందే విడిపోయిన పాయలుండును. అవి సోడాతో కలిసి సబ్బై, బయోడీజిలును గ్లిసరినునుండి విడనీయవు. అందుచేత వడపోసి, తడి తీసి, పులుపెంతయో కొలిచి, ఎక్కువైనచో ముందుగా గంధకామ్లముతో వేరొక సంస్కారము చేసి, పిదపనే పనిలోనికి దిగుదురు.

ఇది చదివి "ఇంతేనా, మన పెరటిలోనే చేయుదము" అని యెవరును పూనుకొనరాదని చేతులు జోడించి వేడుచున్నాము. మిథనాలు కొంచెము కడుపులోనికి పోయినను చూపు పోవును, ప్రాణమును పోవచ్చును. దాని ఆవిరి త్వరగా అంటుకొనును. ఆ మంట పగటివెలుగున కంటికి కానరాదు. కాస్టిక్ సోడా చర్మమును కాల్చును. పిల్లలు తిరుగు వంటయిల్లు దీనికి తగిన స్థలము కాదు. నూనెను శుభ్రముగా దాచి చేర్చవలసిన చోటికి చేర్చుట మన పని. మార్చుట తెలిసినవారి పని.

స్త్రీలు పూనుకొన్న నేమి సాధింపగలరో జపాను దేశపు బీవా సరస్సు కథ చెప్పును. 1977లో ఆ మహాసరస్సున నీరు ఎఱ్ఱబడి దుర్గంధము కొట్టెను. బట్టలుతుకు పొడులలోని ఫాస్ఫేటులు అందుకొక కారణమని తెలియగనే, తీరపు గృహిణులు ఆ పొడులను మానివేసిరి. ఇంటింట వాడిన వంటనూనెను ప్రోగుచేసి, దానితో చేసిన సబ్బును వాడ మొదలిడిరి. 1979లో ఆ మండలపు ప్రభుత్వము ఫాస్ఫేటు పొడుల అమ్మకమును నిషేధించు శాసనమును చేసెను. మునుపు సబ్బునకై ప్రోగుచేసిన నూనెను క్రమముగా యంత్రములకును మళ్ళించిరి. పొరుగుననున్న క్యోటో నగరమువారు 1997 నుండి ఇండ్లలో సేకరించిన నూనెతో చెత్తబండ్లను నడుప నారంభించిరి. 1977 అనగానే మా దివిసీమవారికి గుండె చెదరును. ఆ నవంబరు 19 నాటి ఉప్పెన మా యూళ్ళను ఊడ్చుకొనిపోయిన సంవత్సరమది. నీటిని అలక్ష్యము చేయరాదని వేరెవ్వరును మాకు నేర్పనక్కరలేదు.

మన తెలుగుదేశమునను ఈ పని క్రొత్తది కాదు. ఆదిలాబాదు కొండలలోని పవర్‌గూడ యను గిరిజన గ్రామపు స్త్రీలు పొదుపు సంఘములుగా చేరి, కానుగ గింజలనుండి నూనె తీయించి, కానుగ నారుమళ్ళు పెంచిరి. ఆ నూనెను డీజిలునకు బదులు వాడుటచే తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు గాలికిగాను 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించెను. అది వాడిన నూనె కాదు, చెట్టునూనె. అయినను పొదుపు సంఘపు స్త్రీలు ఇంధనపు వ్యవహారమును నడుపగలరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? కాకినాడ తీరమున 2008లో సంవత్సరమునకు లక్షా యేబదివేల టన్నుల బయోడీజిలు చేయగల కర్మాగారము వెలసెను. 2018 నాటి జాతీయ విధానమున, 2030 నాటికి డీజిలులో నూటికి 5 పాళ్ళు బయోడీజిలు కలుపవలెనని లక్ష్యముంచిరి. ఆ యేడే వాడిన నూనెను ఇంధనముగా మార్చు ఉద్యమమును ఆహారభద్రతా సంస్థవారు ఆరంభించిరి. 2019 ఆగస్టు 10న మూడు ప్రభుత్వ చమురు సంస్థలు, వాడిన నూనెనుండి చేసిన బయోడీజిలును 100 నగరములలో కొనుటకు ముందునకు వచ్చి, మొదటి సంవత్సరమునకు లీటరు 51 రూపాయలని ధర ప్రకటించినవి.

మన దేశమున తిను వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చునదే. డీజిలునకు మూలమైన ముడిచమురులో అధికభాగమును అట్టిదే. అటు నూనెకును ఇటు డీజిలుకును సొమ్ము పరదేశమునకు పంపుచు, ఆ నూనెలో మిగిలినదానిని రోగముగానో మురుగుగానో మార్చుకొనుట తెలివియగునా? గిలకలదిండినుండియు నాగాయలంకనుండియు వేటకు పోవు మరపడవలు డీజిలుతోనే కదలుచున్నవి. వరికోత యంత్రములును అంతే. ఆ యింధనములో నొక పాలు మన మూకుళ్ళనుండి పోయినదైన నెంత బాగుండును! వంటనూనెలన్నిటిని మార్చినను దేశపు డీజిలు అవసరము తీరదు, అది మేమెరుగుదుము. దీని మొదటి ప్రయోజనము ఇంధనము కాదు. నల్లని నూనెకు వేరొక గౌరవమైన దారి దొరకినచో అది మరల బిడ్డల నోటికి పోదు. అదియే మా ముఖ్యాశయము.

మనము చేయదగిన పనులు కష్టమైనవి కావు. వేపుడునకు చిన్న మూకుడు పెట్టి, కావలసినంత నూనెయే పోయవలెను. మిగిలినదానిని చల్లారనిచ్చి, పలుచని గుడ్డలో వడకట్టి, రెండుదినములలోపున కూరలకును తాళింపులకును చెల్లించవలెను. మరల వేపుడునకు పెట్టరాదు. పాతనూనెలో కొత్తనూనె కలుపుట అసలే తగదు. రంగు మారినదానిని తడిలేని డబ్బాలో పోసి, మూత బిగించి, "తినరాదు" అని పెద్ద అక్షరములతో వ్రాసి వేరుగా నుంచవలెను. ఒక వాడలో నలుబది యిండ్లవారు నెలకు అరలీటరు చొప్పున దాచినను నెలకు 20 లీటర్లు, ఏడాదికి 240 లీటర్లు అగును. ఒక్క యిల్లాలి గిన్నె కొరకు సేకరణదారు పల్లెకు రాడు. మా యూరికి వచ్చిన అట్టివానిని మేమింకను చూడలేదు. మహిళాసంఘము వారందరు డబ్బాలను ఒకచోట చేర్చి, పట్టణమున హోటళ్ళవద్ద నూనె కొను అనుమతిగలవారికి కబురంపినచో వారికిని రాక గిట్టుబాటగును. ఇచ్చుటకు ముందు అనుమతి పత్రము చూపుమని అడుగవలెను. నూనె యేచోటికి పోవునో అడిగి రసీదు తీసికొనవలెను. ఎక్కువ ధర యిత్తునని, రసీదు ఇయ్యనన్నవానికి ఒక్క చుక్కయు ఇయ్యరాదు. ఇట్టి యేర్పాటు కుదురునందాక, కొలది నూనెయైనచో ఇసుకలోనో రంపపుపొట్టులోనో ఇంకించి చెత్తలో వేయుట తూములో పోయుటకంటె మేలు.

పెండ్లిండ్లకు వేరొక మాట. వంటవారితో బేరమాడునపుడే, మిగిలిన నూనె యింటివారిదే యని ముందుగా చెప్పవలెను. కొందరు వంటవారు దానిని తమ మామూలుగా భావింతురు. ఆ మామూలునకు బదులు మరికొంత సొమ్ము చేతబెట్టినను మనకు నష్టము లేదు. తాంబూలమునకును, పూలకును వెచ్చించు పెండ్లివారికి ఇదియొక లెక్కా?

మా మరదలి కుమారుని ఒడుగు నిరుడు జరిగినప్పుడు మేమట్లే చేసితిమి. వంటపెద్ద మొదట నొచ్చుకొనినను, బజ్జీబండి సంగతి విన్న పిదప "నా మనవళ్ళూ అక్కడే కొనుక్కు తింటారండీ" అని మెల్లగా అనెను. డబ్బా నూనెను మా వారు పట్టణమునకు పోవు బండిలో వేయించి, రసీదు తెచ్చిరి. వచ్చిన సొమ్ము మునుపటికంటె తక్కువయే. మా అత్తగారు ఆ రసీదును చేతబట్టుకొని చాలసేపు చూచి, "లక్ష్మి ఎక్కడికీ పోలేదులే" అని దేవుని గూటిలో పెట్టిరి.

వచ్చు మాఘపూర్ణిమకు మా చిన్నది మరల సంగమమునకు వచ్చును, మరల బజ్జీలడుగును. ఆనాడు బండివాని మూకుటిలోనికి తొంగిచూచి వెనుదిరుగవలసిన అవసరము ఏ తల్లికిని లేకుండుగాక. కాకి హంసయైన చోట నివసించు మేము అంతకంటె కోరవలసినది లేదు.